చివరి గదిలో చదువుతున్నదెవరు

పక్క ఫ్లాట్లో కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు ఏడెనిమిదేళ్ల పాప ఉంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక, పటమట వీధులన్నీ ఎండకు తలుపులేసుకున్న వేళ, ఆ పాప పాఠం పైకి చదవడం గోడలోంచి నాకు వినిపిస్తుంది. మాటలు తెలియవు. గొంతు ఎక్కడం, దిగడం మాత్రమే తెలుస్తాయి. నిన్న చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయింది. మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. చేతిలో టీ చల్లారిపోయేదాకా నేను గోడవైపే చూస్తూ నిలబడ్డాను. ఏదో కష్టమైన మాట దగ్గర పిల్ల తడబడుతోందని నాకు తెలుసు. అయినా చేతుల మీద రోమాలు లేచాయి. డెబ్బైల నడుమ, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఇలాగే ఒక గోడ పక్కన కూర్చుని విన్న పిల్ల ఒకతి ఉండేది. ఆ పిల్ల మాటను కొట్టిపారేయకుండా, అలాగని గుడ్డిగా నమ్మకుండా, దగ్గర కూర్చోబెట్టుకుని చదివిన మనిషి సుగుణమ్మ టీచర్.

ఆవిడ మాకు తెలుగు చెప్పేవారు. మా బడి బందరు కాలువకు కాస్త ఇవతల, పాత పెంకుటింట్లో నడిచే ఆడపిల్లల హైస్కూలు. పొడుగ్గా ఒక వరండా, దాని వెంట వరసగా గదులు. టీచర్ చిన్న మనిషి. ఎప్పుడూ నేత చీర, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. ఆదివారాలు చర్చిలో పాటలు పాడే గొంతని చెప్పుకునేవారు గాని తరగతిలో ఆవిడ గొంతు ఎప్పుడూ పెరిగేది కాదు. వరండా చివరన ఒక గదికి తాళం వేసి ఉండేది. విరిగిన బల్లలు, చిరిగిన పటాలు పడేసే గది అది. దాన్ని దాటేటప్పుడు టీచర్ చిన్నగా దగ్గేవారు. ఎవరింటికైనా వెళ్లినప్పుడు, లోపలివాళ్లు సర్దుకోవడానికి వాకిట్లో నిలబడి దగ్గుతాం చూడండి, అలాగ. ఖాళీ గది ముందు ఎందుకు దగ్గుతారో మాకెవరికీ తెలియదు.

ఆవిడ చదువు చెప్పే తీరు వేరు. మిగతా టీచర్లు పాఠం చదివి, సారాంశం చెప్పి, ప్రశ్నలకు జవాబులు రాయించేవారు. ఈవిడ సారాంశం చెప్పేవారు కాదు. ఒకసారి ఒక కథ పాఠంగా వచ్చింది. దారిన పోయే బాటసారి ఒంటరి ఇల్లాలిని దాహం అడుగుతాడు, ఆవిడ నీళ్లిస్తుంది. నేను లేచి, "ఆవిడ చాలా దయగల మనిషి టీచర్" అన్నాను. అందరూ అదే జవాబు రాసుకుంటున్నారు. టీచర్ నా బల్ల దగ్గరికి వచ్చి, "దయ అన్న మాట ఎక్కడుంది శేషూ? వేలు పెట్టి చూపించు" అన్నారు. వెతికాను. లేదు. "నీళ్లిచ్చింది కదా టీచర్" అన్నాను. "ఎలా ఇచ్చింది? ఆ వాక్యం చదువు." చదివాను. చెంబు గడప మీద పెట్టి, తలుపు ఓరగా వేసుకుని, లోపలే నిలబడింది అని ఉంది. "తలుపు ఎందుకు ఓరగా వేసుకుంది?" వెనక బెంచీ నుంచి మెహరున్నీసా మెల్లగా, "భయం వేసి ఉంటుందండీ. భయం వేసినా నీళ్లిచ్చింది" అంది. టీచర్ ఆ పిల్లనే చూస్తూ, "ఇప్పుడు దయ అని రాసుకోండి. కానీ ఆ తలుపు గురించి రాశాకే రాయండి" అన్నారు. అప్పటిదాకా నేనే తరగతిలో మొదటిదాన్ని. వెనక బెంచీ పిల్ల నాకంటే ముందుగా ఒక తలుపును చూసిందన్న సంగతి నాకు మింగుడుపడలేదు. ఆ కడుపుమంట తర్వాత ఏం చేయించిందో చెబుతాను.

మెహరు వాళ్ల నాన్న ఆటోనగర్‌లో లారీ రేడియేటర్లు బాగుచేసేవాడు. తల్లి అంతకు ముందు ఏడాదే పోయింది. ఇంటెడు చాకిరీ చేసి బడికి వచ్చేది. మా తరగతి గదికీ తాళం వేసిన ఆ చివరి గదికీ మధ్య ఒకటే గోడ. మెహరు ఆ గోడనానుకుని కూర్చునేది. వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, అన్నాల బెల్లు తర్వాత అందరం ఎవరి పుస్తకం వాళ్లు మౌనంగా చదువుకునే పీరియడ్‌లో, మెహరు నా జాకెట్టు చెయ్యి పట్టుకుని లాగింది. చెయ్యి మంచులా ఉంది. "అటు పక్క ఎవరో చదువుతున్నారు శేషూ. నీకు వినిపించట్లా?" అంది. నేను గోడకు చెవి ఆనించాను. నాకేమీ వినిపించలేదు. సున్నం వాసన వచ్చిందంతే. "రోజూ ఇదే వేళకి" అంది మెహరు. "ఒకచోట ఆగిపోతుంది. మళ్లీ మొదలెడుతుంది. ఎవరితోనూ చెప్పకు."

నేను చెప్పాను. ఆ సాయంత్రమే నలుగురికి చెప్పాను. వాళ్లు కళ్లు పెద్దవి చేసి వింటుంటే నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చి, చివరి గది కిటికీలో తెల్ల ఓణీ వేసుకున్న ఒక అమ్మాయిని నా కళ్లతో చూశానని కూడా చెప్పాను. వారం తిరిగేసరికి ఆ తెల్ల ఓణీ బడంతా తిరిగింది. కాలువలో పడి చనిపోయిన అమ్మాయని ఒకరు, ఆ అమ్మాయి మెహరుని పట్టుకుందని ఇంకొకరు. ఇద్దరు చిన్న తరగతి పిల్లలకు జ్వరాలొచ్చాయి. మెహరు తాగిన కుండలో నీళ్లు ఎవరూ తాగలేదు. ఆ పిల్ల వరండాలోకి వస్తే అందరూ గోడవారగా జరిగేవారు. నేను కూడా బెంచీ మారాను. హెడ్‌మిస్ట్రెస్ గారు మెహరు తండ్రిని పిలిపించి, పిల్ల ఒంట్లో బాగుపడేదాకా ఇంట్లో ఉంచుకోమన్నారు. ఆయన ఇక చదువే మాన్పిస్తానని చెప్పి వెళ్లాడు.

మర్నాడు సుగుణమ్మ టీచర్ పాఠం పుస్తకం తెరవలేదు. అందరికీ తలా ఒక తెల్లకాయితం పంచారు. "చివరి గది గురించి మీకు తెలిసింది రాయండి. పెద్దగా అక్కర్లేదు. తెలిసింది మాత్రం రాయండి" అన్నారు. పుస్తకాలు తీసుకెళ్లడానికి వచ్చిన మెహరుకి అదే ఆఖరి రోజు. గోడ పక్కన ఒక్కతే కూర్చుని తలెత్తకుండా రాసింది. కాయితాలన్నీ తీసుకుని టీచర్ మా ముందే బల్ల మీద మూడు దొంతరలుగా పేర్చడం మొదలుపెట్టారు. ఒక్కొక్క కాయితంలోంచి ఒక్క మాటే పైకి చదివేవారు. "కనిపించిందట." మొదటి దొంతరలో పెట్టారు. "ఏడ్చిందట." దాని మీదే. "నిలబడ్డట్టుంది." అది రెండోది. "పిలిచిందట. నవ్విందట. జడ విప్పుకుందట." మొదటి దొంతర పెరుగుతూ పోయింది. గదిలో ఫ్యాన్లు లేవు. బయట వాన పట్టింది. ఆ ‘ట’ అన్న అక్షరం అన్నిసార్లు వింటుంటే ఎవరో తలుపు మీద గోటితో కొడుతున్నట్టు అనిపించింది. "మన భాష చాలా నిజాయితీ గలది" అన్నారు టీచర్ చివరికి. "మీరు దాచుకున్నా అది చెప్పేస్తుంది. ఇన్ని కాయితాల్లో ‘చూశాను’ అని ఒకరు, ‘విన్నాను’ అని ఒకరు రాశారు. మిగతావాళ్లంతా ఒకరి నోట్లోంచి ఒకరు తీసుకున్నారు." మూడో దొంతరలో రెండే కాయితాలున్నాయి. పేర్లు చెప్పలేదు. అందులో ఒకటి నాది.

బడి వదిలాక నన్ను ఉండమన్నారు. నా కాయితం నా ముందు పెట్టి, "ఏ కిటికీ శేషూ?" అన్నారు. "చివరి గది కిటికీ టీచర్." "కిటికీ రెక్క తెరుచుకుని ఉందని రాశావు. రా, చూద్దాం." వాన వెలిసిన వరండాలో ఇద్దరం చివరిదాకా నడిచాం. ఆవిడ అలవాటుగా దగ్గారు. ఆ కిటికీకి అడ్డంగా చెక్కలు కొట్టి ఉన్నాయి. మేకులు తుప్పు పట్టాయి. చెక్కల సందుల్లోంచి తీగ ఒకటి లోపలికి పాకి, మళ్లీ బయటికొచ్చి ఎండిపోయింది. ఆ కిటికీ తెరుచుకుని ఏళ్లయిందని ఎవరికైనా తెలుస్తుంది. రోజూ దాని ముందు నుంచి నడిచే నేను ఒక్కసారీ దాన్ని చూడలేదు. టీచర్ నన్ను తిట్టలేదు. మెహరు కాయితం నా చేతికిచ్చి చదవమన్నారు.

అది నాకిప్పటికీ దాదాపుగా గుర్తుంది. ‘మొదటి రోజు ఎనిమిదో తరగతి వాళ్లు చదువుతున్నారనుకున్నాను. రెండో రోజు వాళ్లు డ్రిల్లులో ఉన్నారు. ఆడపిల్ల గొంతు. నాకంటే చిన్నదో పెద్దదో తెలియదు. వాన వెలిసింది, పడవ రేవు చేరింది, రేవులో ఎవరూ, అని చదివి ఆగిపోతుంది. మళ్లీ వాన వెలిసింది అంటుంది. నిన్న మూడుసార్లు విన్నాను. నాలుగోసారి నేను చెవులు మూసుకున్నాను కాబట్టి తెలియదు. నేను ఏమీ చూడలేదు.’ అంతే ఉంది.

"నీది చాలా బాగా రాశావు" అన్నారు టీచర్. "ఓణీ రంగు, జడలు, కిటికీ రెక్క, అన్నీ ఉన్నాయి. తెలియనిది ఒక్కటీ లేదు. ఈ పిల్ల చూడు, ఎన్నిచోట్ల తెలియదు అని రాసిందో." నేను ఏడ్చాను. ఏడుస్తూనే, "అయితే మెహరు చెప్పింది నిజమా టీచర్?" అని అడిగాను. ఆవిడ ఆ కాయితం వైపు చూశారు. "విన్నానంది. విన్నదనే నమ్ముతాను. ఏం విన్నదో నాకు తెలియదు" అన్నారు. తర్వాత, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు, "ఈ పాఠం ఇప్పటి వాచకంలో లేదు" అన్నారు.

శనివారం మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని ఆటోనగర్ వెళ్లారు. మెహరు నాన్న షెడ్డులో నేలంతా నల్లటి నూనె, గాలిలో కాలిన సీసం వాసన. ఆయన చేతులు తుడుచుకుంటూ లేచి, మాకు చెక్కపెట్టెలు వేసి కూర్చోమన్నాడు. "చెప్పు" అన్నారు టీచర్ నాతో. ఆ ఒక్క మాటకే తీసుకొచ్చారని నాకు అప్పుడు అర్థమైంది. కిటికీలో ఎవరినీ చూడలేదని, అబద్ధం చెప్పానని, మీ అమ్మాయికి చెడ్డపేరు నా వల్లే వచ్చిందని, నేలవైపు చూస్తూ చెప్పాను. ఆయన "నీ వయసెంతమ్మా?" అని మాత్రం అడిగాడు. తర్వాత టీచర్‌తో, "నలుగురూ నానా మాటలూ అంటున్నారండీ టీచరమ్మగారూ. తల్లి లేని పిల్ల. రేపు దాన్ని ఎవరు చేసుకుంటారండీ?" అన్నాడు. టీచర్ మెహరు కాయితం తీసి ఆయనకు మెల్లగా చదివి వినిపించారు. "ఇంత జాగ్రత్తగా రాసే పిల్లని నేను ఇన్నేళ్లలో చూడలేదండీ. మీ దగ్గరికి లారీ వస్తే, డ్రైవరు చెప్పింది విని వదిలేస్తారా, విప్పి చూస్తారా?" ఆయన కొంచెం నవ్వాడు. "విప్పే చూస్తానండీ. విప్పినా ఒక్కోసారి నీళ్లు ఎక్కడ కారుతున్నాయో తెలీదు." "అప్పుడేం చేస్తారు?" "తెలీలేదని చెప్తానండీ. నీళ్లు చూసుకుంటూ నడుపుకోమంటాను." "నేనూ ఆ మాటే చెప్పడానికొచ్చాను" అన్నారు టీచర్. సోమవారం మెహరు బడికి వచ్చింది. నేను వెళ్లి గోడవైపు కూర్చుని, ఆ పిల్లని ఇటు కూర్చోబెట్టుకున్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పెన్సిలు అడిగింది.

ఆ శనివారం ఆటోనగర్ నుంచి తిరిగి వస్తూ, బస్సు కోసం నిలబడ్డప్పుడు, టీచర్ నాకు లీల గురించి చెప్పారు. ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ చివరి గదే ఆవిడ తరగతి గది. లీల అనే పిల్ల పైకి చదువుతూ ‘ఎవరూ’ అన్న మాట దగ్గర ఆగిపోయింది. మళ్లీ చదవమన్నారు. మళ్లీ అక్కడే ఆగింది. "పొగరనుకున్నాను. పీరియడంతా నిలబెట్టి మొదటినుంచి చదివిస్తూనే ఉన్నాను. పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అవన్నీ నా ఎదురుగానే ఉన్నాయి. నేను చదవలేదు. అప్పటికే నూట నాలుగు జ్వరమట. ఆ వారంలోనే పోయింది." ఆవిడ తన మాటగా ‘ట’ అనగా వినడం నాకదే మొదటిసారి. "దేని ఆధారంతో పొగరు అన్నాను శేషూ? ఆ పిల్ల ఆగిన మాట ఏదో నేను ఎవరికీ చెప్పలేదు. ఆ గదిలో అప్పుడున్న పిల్లలంతా ఏమైపోయారో, ఆ మాట ఎవరి నోటి వెంట ఎటు పోయిందో నాకు తెలియదు. మెహరు ఎవరి దగ్గరైనా విని ఉండొచ్చు. విని ఉండకపోవచ్చు." బస్సు వచ్చింది. ఎక్కాక ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తర్వాతి వారం హెడ్‌మిస్ట్రెస్ గారిని అడిగి ఆ గది తాళం తీయించారు. పుస్తకాలు మోయడానికని నన్ను పిలిచారు. మధ్యాహ్నం రెండు దాటి ఉంటుంది. మిగతా గదుల్లో అందరూ మౌనంగా చదువుకుంటున్నారు. తలుపు తోయగానే చల్లటి గాలి, తడిసి ఎండిన కాయితాల వాసన. చెక్కల సందుల్లోంచి వెలుతురు సన్నగా పడుతోంది. ఒక మూల పాత వాచకాల కట్టలున్నాయి. ఎలుకలు కొట్టినవి పోగా మిగిలినవాటిలో టీచర్ ఒకటి తీశారు. ఆ పాఠం దొరికింది. నిలబడే పైకి చదివారు. "వాన వెలిసింది. పడవ రేవు చేరింది. రేవులో ఎవరూ..." ఆవిడ అక్కడే ఆగిపోయారు. పుస్తకం పట్టుకున్న చేతులు అలాగే ఉన్నాయి. పెదవులు కదల్లేదు. ఆవిడ మొహమే చూస్తున్నాను నేను.

నా వెనక, బల్లలు పడేసిన మూల నుంచి, "లేరు" అన్న మాట వినిపించింది.

చిన్న గొంతు. గుసగుస కాదు, అరుపు కాదు. నేను వెనక్కి తిరిగాను. విరిగిన బల్లలు ఉన్నాయి. టీచర్ పుస్తకం మూసి, "పద" అన్నారు. ఆవిడ విన్నదీ లేనిదీ ఆ మొహంలో నాకు తెలియలేదు. నేను నోరు తెరవలేదు. చూడనిదాన్ని చూశానని రాసినదాన్ని, ఇప్పుడు విన్నానంటే ఎవరు నమ్ముతారు? వాళ్ల సంగతి అటుంచి, నన్ను నేనే నమ్మలేకపోయాను. ఆ ఏడాదే గదికి సున్నం వేయించి, చెక్కలు పీకి, మళ్లీ తరగతి పెట్టారు. మెహరుకి ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. చదువు పూర్తిచేసి టెలిఫోను ఆపరేటరైంది. నేను కోర్టులో చేరి, ముప్ఫై ఏళ్లకు పైగా సాక్షులు చెప్పింది టైపు చేశాను. ‘చూసినట్టు’ను ‘చూశాను’గా మార్చమని ప్లీడర్లు సైగ చేసినప్పుడల్లా నా వేళ్లు ఆగిపోయేవి. అది ఆవిడ పెట్టిన భిక్ష.

రిటైరయ్యాక టీచర్ కంకిపాడు అవతల తమ్ముడి ఇంట్లో ఉండేవారు. ఆఖరిసారి వెళ్లినప్పుడు మంచంలో ఉన్నారు. చేలల్లోకి వదిలిన కాలువ నీళ్ల చప్పుడు కిటికీలోంచి వినిపిస్తోంది. కొంతసేపు పాత సంగతులు మాట్లాడుకున్నాక, ఆ రోజు గదిలో ఆవిడకేమైనా వినిపించిందా అని అడిగాను. "వినాలని వెళ్లినదాన్ని నేను" అన్నారు. "నేను విన్నా అది లెక్కలోకి రాదమ్మా." అప్పుడు చెప్పేశాను. ఎక్కడ నిలబడ్డాను, ఏ వైపు నుంచి వచ్చింది, ఏ మాట, అన్నీ చెప్పాను. నన్ను ఎన్ని ప్రశ్నలు వేస్తారోనని సిద్ధపడే ఉన్నాను. ఆవిడ కళ్లు మూసుకుని పడుకున్నారు. కళ్లు తెరవకుండానే ఒక్కటే అడిగారు.

"గొంతులో భయం ఉందా శేషూ?"

"లేదు టీచర్. మామూలుగా ఉంది" అన్నాను.

ఆవిడ తలూపి, నా చేతి మీద చెయ్యి వేశారు. పదిహేను రోజులకు పోయారని కబురొచ్చింది. అంత చిన్న మాటలో భయం ఉందో లేదో నిజంగా నేను గమనించానా, ఆ మంచం మీది మొహం చూసి అప్పటికప్పుడు లేదన్నానా, అని ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఆధారం చూపకుండా నేను చెప్పిన జవాబుల్లో, ఆవిడ తిరిగి ప్రశ్నించకుండా ఉంచుకున్నది అదొక్కటే.